మబ్బూ, చొక్కా, మజ్జిగ గ్లాసూ

31వ నిద్ర

ఈ దస్త్రం రాయమన్నది కమీషనరు గారు. రాసేది నేను, శేషారత్నం, కొత్త రెంటచింతల కాలనీ సరుకుల తనిఖీ అధికారిణిని. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే తప్పు నాది కాదు. కాలనీ డోము లోపలే నలభై ఏడు డిగ్రీల్లో సిరా కారిపోతుంటే నేనేం చెయ్యను?

బుధగ్రహం మీద సూర్యుడు ఒకసారి పొడిచాడంటే ఎనభై ఎనిమిది నిద్రల దాకా కుంకడు. అందుకే పొద్దు పొడిచాక ఎన్నిసార్లు పడుకుని లేచామో అదే మాకు తేదీ. మా ఆయన చినకోటయ్య మధ్యాహ్నం కునుకుల్ని కూడా కలిపేసుకుని ఇవాళ అరవై రెండంటాడు. ఆయన మాట ఈ దస్త్రంలోకి ఎక్కదు.

అసలు ఇక్కడికి మా ఊరివాళ్ళనే ఎందుకు పంపారని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. దరఖాస్తులో "ఎండ తట్టుకున్న అనుభవం ఉందా?" అని ఒక ప్రశ్న ఉండేది. మిగతా ఊళ్ళవాళ్ళు నాలుగేసి పేజీలు రాశారు. మావాళ్ళు ఊరి పేరు రాసి సంతకం పెట్టారు, అంతే.

సరే, పని సంగతి. పోయిన ఓడలో చల్లదనానికి రెండు వస్తువులు దిగాయి. ఒకటి వెంటమబ్బు. కొబ్బరికాయంత పెట్టెను నడుముకు కట్టుకుంటే, తల మీద జానెడెత్తున తెల్లటి మబ్బు లేచి, ఎటు నడిస్తే అటు వస్తుంది. ధర తొమ్మిది వందలు, కానీ రెండు నిద్రలకొక నీళ్ళ బుడ్డి పొయ్యాలి, బుడ్డి నలభై రూపాయలు. రెండోది చలిచొక్కా. ఒళ్ళు ఎంత వేడెక్కితే అది అంత చల్లబడుతుంది. ధర నాలుగు వేల రెండు వందలు, ఆ తర్వాత పైసా ఖర్చు లేదు. అంటే నూట అరవై అయిదు నిద్రలు దాటాక చొక్కాయే చవక. ఇది లెక్క కట్టడానికి నాకు నిమిషం పట్టింది. మా ఆయన వేళ్ళు మడుస్తూ ఇంకా అరుగు మీదే కూర్చున్నాడు.

భూమి లెక్కన వచ్చే ఐదేళ్ళూ ఓడలో ఒక్క కంపెనీ సరుక్కే చోటు ఉంటుందట. ఏది చవక, దేన్ని జనం ఎక్కువ వాడుతున్నారు, రెండూ తేల్చి 45వ నిద్రకు నివేదిక ఇవ్వాలి.

32వ నిద్ర

కమీషనరు సుదర్శనం గారు పిలిచి ఇంకో మాట చెప్పారు. ఆయనది గోదావరి వైపు. తిట్టాలన్నా 'అండి' చేర్చే మనిషి.

"గెలిచిన కంపెనీకి కూడలిలో కొట్టు ఇచ్చేద్దామండి. అక్కడున్న ఆ మజ్జిగ బండి తీసేయించాలి. ఇంకెక్కడైనా పెట్టుకోమందామంటే డోములో అంగుళం ఖాళీ లేదాయె."

"ఆ బండి మా వదినదండీ," అన్నాను.

"అయ్యయ్యో, అలాగాండి? మరి మీకేమన్నా ఇబ్బందా?"

ఇబ్బందా! ఆ వదినతో నాకు మాటల్లేవు. ఆవిడ పేరు అంకమ్మ, మా ఆయనకు అక్క. మూడు పొద్దుల కిందట, అంటే భూమి లెక్కన దాదాపు ఏడాదిన్నర కిందట, నేను కొలత పట్టీ పెట్టి చూసి, ఆవిడ పోసే గ్లాసులు అర వేలు వెలితిగా ఉన్నాయని రాసి, ఇరవై అయిదు రూపాయల జరిమానా వేశాను. సొంత మరదలు జరిమానా వేసిందని ఆవిడ అలిగింది. చట్టానికి వదినా మరదలూ ఏమిటని నేనూ దిగిరాలేదు.

అప్పటి నుంచి నాకు చెప్పాల్సింది కుండకు చెబుతుంది. "కుండా, అధికారిణి గారొచ్చారు. కొలత పట్టీ తెచ్చుకున్నారో లేదో కనుక్కో," అంటుంది. గ్లాసు మాత్రం ఒలికిపోయేంత నిండుగా పోస్తుంది. ఊరందరికీ ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి వేస్తుంది, నాకు మాత్రం ఏమీ వెయ్యదు. మూడు పొద్దులుగా నేను చప్పటి మజ్జిగ నిండు గ్లాసులు తాగుతున్నాను. మానేస్తే ఓడిపోయినట్టు కదా! అందుకని జనం లేని వేళ చూసుకుని వెళ్ళి, గడగడా తాగేసి, రెండు రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చేస్తాను.

ఆ మజ్జిగకు తోడు ఆవిడ భూమి నుంచి తెచ్చింది. ఓడలో ఏడు నెలలు చిన్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పాలపొడి నీళ్ళు పోసి రోజూ తోడేస్తూ తెచ్చింది. బండి ఆగి, పాలపొడి కోటా ఆగితే ఆ తోడు నాలుగు నిద్రల్లో చచ్చిపోతుంది. మళ్ళీ తేవడానికి భూమికి ఎవరు పోతారు?

"నాకేం ఇబ్బంది లేదండీ," అని చెప్పి వచ్చేశాను.

34వ నిద్ర

ఇంటింటికీ తిరిగాను. మబ్బులు 214 అమ్ముడుపోయాయి, చొక్కాలు 206. ఎవర్ని అడిగినా తాము కొన్నదే గొప్పదంటారు. డబ్బు పోసి కొన్నాక బాగోలేదని ఎవరంటారు?

మబ్బుతో ఒక చిక్కు బయటపడింది. ఇద్దరు మనుషులు దగ్గరగా పది నిమిషాలు నిలబడితే ఇద్దరి మబ్బులూ కలిసిపోతాయి. విడిపోయేటప్పుడు ఆ పెద్ద మబ్బు ఎవరో ఒకరి వెంటే పోతుంది. ముగ్గురు నిలబడితే వాన. ఇవాళ నాంచారమ్మ, గురవమ్మ కుళాయి దగ్గర మాట్లాడుకున్నారు. మబ్బు నాంచారమ్మ వెంట పోయింది. గురవమ్మ దొంగతనం కేసు పెట్టింది.

"మాట్లాడతన్నట్టు మాట్లాడి నా మబ్బు లాక్కుపోయింది మేడం! కావాలనే మా అత్త సంగతి అడిగింది. అదడిగితే నేను అరగంట ఆగనని దానికి తెల్సు!"

"నేనేడ లాక్కున్నా? అదే నా ఎంట వచ్చింది. దానికి కూడా నీ గోల పడలా!"

ఈ కేసు తేల్చేసరికి నా పని సగం రోజు పాడైంది. చివరికి నాంచారమ్మను మంచం మీద పడుకోబెట్టి, గురవమ్మను పక్కన నడిపించి, మబ్బును రెండుగా చీల్చాం. నా కొత్త చీర తడిసింది. దీన్ని వాడకం ఖర్చు కింద రాయాలా అని ఆలోచించి, రాయలేదు.

ఇప్పుడు మబ్బున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎదురైతే, పదడుగుల దూరం నుంచే చెయ్యి ఊపి తప్పుకుపోతున్నారు.

37వ నిద్ర

చొక్కా సంగతి ఇంకా ఘోరం. ఎండతో కరెంటు తీసే అద్దాల వరసలో పనిచేసే పాపిరెడ్డికీ వాళ్ళ బాబాయికీ కుళాయి వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. ఇద్దరివీ చలిచొక్కాలే. మనిషికి కోపమొస్తే ఒళ్ళు వేడెక్కుతుంది కదా, ఒళ్ళు వేడెక్కితే చొక్కా చల్లబడుతుంది. తయారుచేసినవాళ్ళు ఎండను లెక్కేశారు గానీ పల్నాటివాళ్ళ కోపాన్ని లెక్కేసినట్టు లేదు. "నీ బతుక్కి వంతొకటా..." అన్నాడు పాపిరెడ్డి, అంతే. చొక్కా పలకలా గట్టిపడి, కాలరు గడ్డం దాకా బిగుసుకుని, చెయ్యి పైకెత్తిన మనిషి ఎత్తినట్టే నిలబడిపోయాడు. బాబాయి కూడా అంతే, నోరు తెరిచి. కోపం తగ్గితే గానీ చొక్కా వదలదు. పావుగంట ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఉన్నారు. కుళాయి నీళ్ళు మూడోవాడు పట్టుకుపోయాడు.

మాది పోట్లాడుకోకపోతే పలకరించుకోనట్టే అనుకునే ఊరు. పొద్దున్నే "ఏందిరా, ఇంకా బతికే ఉన్నావా" అంటేనే కుశలం అడిగినట్టు. అలాంటిది ఇప్పుడు చొక్కాలవాళ్ళందరూ తలలు వంచుకుని, "నమస్కారమండి" అనుకుంటూ పోతున్నారు. వింటే నాకు ఒళ్ళు జలదరించింది.

39వ నిద్ర

మా ఆయన నాకు చెప్పకుండా చలిచొక్కా కొన్నాడు. నాలుగు వేల రెండు వందలు! తనిఖీ అధికారిణి మొగుడు ఒక కంపెనీ వస్తువు తొడుక్కుని ఊరేగితే నా నివేదికకు పరువేముంటుంది? గంటసేపు తిట్టాను. ఆయన పక్కకు చూస్తూ నిలబడ్డాడు. చొక్కా పిసరంతైనా బిగుసుకోలేదు, మెత్తగా వేలాడుతూనే ఉంది.

"నీకు కోపం రావట్లేదా?" అన్నాను.

"ఎందుకొచ్చిద్ది?" అన్నాడు.

"మరి పెళ్ళయిన కాడ్నించీ నేను తిట్టినప్పుడల్లా మొహం ముడుచుకునేవాడివిగా!"

"రాకపోతే నువ్వు బాధపడతావని."

పద్దెనిమిదేళ్ళ కాపురం! నేను తిట్టిన తిట్లన్నీ గాలికే పోయాయన్న మాట. ఆ మాటకు నాకొచ్చిన ఏడుపుకీ కోపానికీ ఈ ఊళ్ళో సరిపడే చొక్కా లేదు.

అన్నం తినేటప్పుడు మెల్లగా అడిగాడు, "అక్క బండి తీసేస్తారంట గదా. నువ్వేం రాస్తన్నావ్?"

"ఉన్నది రాస్తా," అన్నాను.

ఆయన ముద్ద మింగలేక మంచినీళ్ళు తాగాడు. అప్పుడు చూశాను, చొక్కా మెత్తగానే ఉంది గానీ ఆయన కళ్ళు బాగోలేవు. నాకు చాలా బాధేసింది. అయినా ఉన్నది కాకుండా ఎలా రాస్తాను? ఉన్నది రాయకపోతే మూడు పొద్దుల కిందట ఆవిడకు జరిమానా వేసింది దేనికి?

41వ నిద్ర

ఇది 42వ నిద్ర లేచాక రాస్తున్నాను. నిన్న రాసే స్థితిలో లేను.

చొక్కాను స్వయంగా వాడి చూడాలని నిబంధన ఉంది. కంపెనీ ఇచ్చిన నమూనా తొడుక్కుని కమీషనరు గారి గదికి వెళ్ళాను. ఆయన కూడా చొక్కాలోనే ఉన్నారు, ఆకుపచ్చది.

"ఇంకేముందండి, చొక్కా అని రాసేయండి. ఎక్కువకాలానికి అదే చవక కదండి. 46వ నిద్రకి బండి తీయించేద్దాం."

"వాడకం లెక్క ఇంకా తేలలేదండీ. కొన్నవాళ్ళ లెక్కే ఉంది."

"కొన్నారంటే వాడుతున్నట్టేగా అండి."

"కొనడం వేరు, వాడటం వేరు! మా ఇంట్లో రోటి పక్కన పిండి మర ఉంది, ఎప్పుడన్నా తిప్పామా?"

"అబ్బే, మీ వదినగారి బండని మీరు లాగుతున్నట్టున్నారండి," అని నవ్వారు.

నన్ను! నా వాళ్ళ కోసం లెక్క లాగుతానని నన్ను! వేలెత్తి, "ఏమండీ, నేను సొంత వదినకే..." అన్నాను. అంతే. చొక్కా బిగుసుకుంది. వేలు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. కళ్ళు తప్ప ఏమీ కదల్లేదు.

మామూలుగా జనానికి పావుగంటలో వదిలేస్తుంది. నాకు అరగంటైనా వదల్లేదు. కమీషనరు గారు కంగారుపడి మా ఆయన్ని పిలిపించారు. ఆయనా పాపిరెడ్డీ నన్ను నిలువుగా ఎత్తుకుని బయల్దేరారు. కూడలి దాకా వచ్చేసరికి పాపిరెడ్డి, "ఇంక నా వల్ల కాదు బావా, కాసేపిక్కడ పెడదాం," అన్నాడు. పెట్టింది ఎక్కడ? మజ్జిగ బండి ముందు! వేలెత్తి, మా వదినకు ఎదురుగా!

"కుండా," అంది మా వదిన, "ఈసారి వేలితోటే కొలుస్తారేమో చూడు."

దాంతో నా చొక్కా ఇంకా బిగుసుకుంది.

సరిగ్గా అది డ్యూటీలు దిగే వేళ. నేనెప్పుడూ ఆ వేళకు అటు వెళ్ళను. జనం ఒక్కసారిగా వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నడుము పెట్టెలు విప్పి బండి వెనకున్న గుంజలకు తగిలించారు. ఆ మబ్బులన్నీ అక్కడే కలిసి ఒకటై, కింద ఎవరూ లేనిచోట తుంపర పోస్తోంది. చొక్కాలవాళ్ళు చొక్కాలు విప్పి తీగ మీద వేశారు. బనియన్లతో, తువ్వాళ్ళతో నిలబడి, గ్లాసు పట్టుకుని, ఇక మొదలుపెట్టారు! డ్యూటీ అంతా బిగబట్టుకున్న తిట్లన్నీ కూడలిలో కురిశాయి. పాపిరెడ్డీ వాళ్ళ బాబాయీ ఆ కుళాయి గొడవను మొదటి మాట నుంచి అందుకుని, చివరిదాకా పోట్లాడి, చెరో గ్లాసు ఇప్పించుకున్నారు. నాంచారమ్మ గురవమ్మ భుజం మీద చెయ్యేసి, "ఇప్పుడు చెప్పవే, మీ అత్త ఏమందీ?" అంది.

నేను కళ్ళతో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యగలను? లెక్క తొంభై దాటాక కోపం కాస్త మర్చిపోయానేమో, చిటికెన వేలు కదిలింది. కానీ మా వదినకు తెలియదు కదా. "కుండా, గిరాకీకి అడ్డంగా ఉంది," అని ఒక చెంబుడు మజ్జిగ తెచ్చి నా నెత్తిన పోసింది. ఒళ్ళు చల్లబడింది, చొక్కా వదిలింది. పెదాల మీదికి కారిన చుక్క నాలిక్కి తగిలింది. ఉప్పు ఉంది, అల్లం ఉంది.

నేను కూడా చొక్కా విప్పి తీగ మీద వేశాను. పక్కనే ఒక ఆకుపచ్చ చొక్కా ఆరేసి ఉంది.

42వ నిద్ర

ఒక తప్పు ఒప్పుకోవాలి. తనిఖీ నిబంధనల్లో తొమ్మిదోది ఇలా ఉంది: "వాడకాన్ని ఇళ్ళకు వెళ్ళి అడిగి రాయరాదు. జనం ఎక్కువగా పోగయ్యే చోట, పోగయ్యే వేళ, మూడు పూటలు కంటితో చూసి లెక్కపెట్టాలి." అది నాకు కంఠతా వచ్చు. అయినా వాయిదా వేస్తూ వచ్చాను. జనం ఎక్కువగా పోగయ్యే చోటు ఏదో నాకు తెలుసు కాబట్టి. అలక నాది, దాని వల్ల బండి పోయేది మా వదినది. ఇది తల్చుకుంటే సిగ్గేసింది.

ఇవాళ్టి నుంచి మూడు పూటలు కూడలిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వదిన ఒకసారి చూసి, గ్లాసులు కడుక్కోవడంలో పడింది.

44వ నిద్ర

మూడు పూటల లెక్క పూర్తయింది. పోగైన జనం 311, 298, 320.

వాడకంలో ఉన్న మబ్బులు: మొదటి రెండు పూటలూ సున్నా. మూడో పూట రెండు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి గుంజల దాకా రాకుండా మూల నిలబడింది. వాళ్ళ మబ్బులు కలిసి ఒకటైపోయాయి. "విడదియ్యబాకండి మేడం," అని ఆ పిల్ల బతిమాలింది. విడదియ్యలేదు గానీ రెండని రాశాను, పెట్టెలు రెండు కాబట్టి.

వాడకంలో ఉన్న చొక్కాలు: పూటకు ఒకటి. అది మా ఆయనది. ఈ గ్రహం మీద విప్పాల్సిన అవసరం లేని మనిషి ఆయనొక్కడే.

నివేదిక పట్టికలో 'ఇతరాలు' అన్న మూడో గడి కోసం నిబంధనలు మళ్ళీ చదివాను. 'చల్లదనపు వస్తువు' అంటే "ఒంటిని చల్లబరచుకోవడానికి మనిషి తొడుక్కునేది, కట్టుకునేది, లేదా చేత పట్టేది" అని ఉంది. చేత పట్టేది! గ్లాసు చేత పడతారా, నెత్తిన పెట్టుకుంటారా? ఎవరూ ఒట్టి చేతుల్తో లేరు. మజ్జిగ గ్లాసులు: 311, 298, 320. ధర రెండు రూపాయలు. మబ్బు నీళ్ళకే నిద్రకు ఇరవై అవుతోంది, ఆ డబ్బుతో పది గ్లాసులు తాగొచ్చు. చొక్కా ధరకు రెండు వేల ఒక వంద గ్లాసులు, వాటితో పాటు తిట్టుకునే హక్కు ఉచితం. చివరి ముక్క కొట్టేశాను, నివేదికలో అలాంటివి రాయకూడదు.

45వ నిద్ర

కమీషనరు గారు నివేదిక రెండుసార్లు చదివారు.

"ఏంటండీ ఇది? మబ్బు, చొక్కా తేల్చమంటే మజ్జిగ అని రాశారు!"

"తొమ్మిదో నిబంధన ప్రకారం ఉన్నది రాశానండీ."

"మీ వదినగారు కాబట్టి..."

ఈసారి నేను చొక్కా తొడుక్కుని పోలేదు. "మా వదిన నాతో మాట్లాడి మూడు పొద్దులైందండీ. కావాలంటే కుండను సాక్ష్యం పిలవండి. పోనీ, 41, 42, 43, 44 నిద్రల్లో తీగ మీద వరసగా కనిపించిన ఆకుపచ్చ చొక్కా ఎవరిదో విచారించమంటారా? అది కూడా నివేదికలోకి ఎక్కిస్తాను."

ఆయన ఒంటి మీద ఆ చొక్కా సన్నగా బిగుసుకుంది. కాలరు గడ్డం దాకా రాకముందే గుండీలు విప్పేసుకున్నారు.

"ఆవిడ అల్లం ఎక్కువేస్తారండి," అన్నారు, బనియనుతో కూర్చుని. "మా అమ్మ కూడా అలాగే వేసేది."

సంతకం పెట్టారు. ఓడలో చోటు పాలపొడికీ, అల్లానికీ, మిరప విత్తనాలకూ ఇచ్చారు. కొన్న మబ్బులూ చొక్కాలూ ఎవరివి వాళ్ళే ఉంచుకోవచ్చు. బండి కూడలిలోనే ఉంటుంది. కొత్తగా గుంజలు యాభై, తీగ ఇంకో వరస మంజూరయ్యాయి.

46వ నిద్ర

ఇవాళ జనం ఉన్న వేళకే బండి దగ్గరికి వెళ్ళాను. మా ఆయన అప్పటికే సంగతంతా చెప్పేసినట్టున్నాడు, అక్కడ నిలబడి ఊరికే నవ్వుతున్నాడు. వదిన తోడు గిన్నె మీద గుడ్డ సర్దుతోంది. తల ఎత్తలేదు. ఒక గ్లాసు తీసింది. ఉప్పు వేసింది. అల్లం వేసింది. పచ్చిమిర్చి తుంచి వేసింది. మజ్జిగ పోసి, పైదాకా రాకముందే చెంబు ఆపేసింది.

కుండ వైపు చూడలేదు. సరాసరి నా మొహంలోకే చూసింది.

"అర వేలు వెలితిగా ఉంది, శేషా. రాసుకుంటావా?"

మూడు పొద్దుల తర్వాత నా పేరు ఆవిడ నోట్లోంచి రావడం ఇదే మొదటిసారి.

"కలం ఇంట్లో మర్చిపోయా వదినా," అన్నాను.

కలం నా కొప్పులోనే ఉంది. ఆవిడకు కనిపిస్తూనే ఉంది.